అమ్మ తదితరులు

పదోన్నతి ఫారంలో పదకొండో గడి:
మీ పరిశోధనను ఇప్పటిదాకా ఎందరు ఉదహరించారు? అంకెల్లో.

అంకెల్లోనే కదా, రాస్తాను.
అనంతపురం ఎండ ఎదురింటి మేడ మీంచి
ఇంకా దిగనంటోంది.
ఫ్యాను గాలికి ఫారం లేచి లేచి పడుతుంటే
మూలకు బొరుగుల డబ్బా పెట్టాను.

ముందు నన్ను నేను వెతుక్కోవాలి.
గూగూడు కుళ్ళాయిస్వామికి మొక్కుకుంటే పుట్టానని
మా జేజి పెట్టిన పేరు కుళ్ళాయమ్మ.
పదో తరగతి సర్టిఫికెట్లో అయ్యవారు దాన్ని
రెండు ముక్కలు చేశాడు,
కుళ్ళాయి ఒకచోట, అమ్మ ఒకచోట.
అక్కడినుంచి కంప్యూటరుకు నేను ముగ్గుర్ని:
డి. కుళ్ళాయి, రెండు వ్యాసాలు;
కె. దూదేకుల, నాలుగు;
మిగతా తొమ్మిదీ
అమ్మ, కె. డి.

అందుకే నేనెన్నడూ చూడని ఊళ్ళలో
నన్నెరగని మనుషులు రాసుకుంటారు:
అమ్మ తదితరులు, రెండువేల పదమూడు.
మొదటిసారి చదివి నవ్వాపుకోలేక
మా అమ్మకు ఫోన్ చేశాను.
"నన్నెందుకు మే దీంట్లోకి లాగుతావు" అంది.

ముగ్గుర్నీ కూడితే నూట అరవై మూడు.

అందులో నూట పదకొండు ఒక్క వ్యాసానివే.
గొప్పదని కాదు.
ప్రోటీను ఎట్లా మడతపడుతుందో ఊహించే లెక్కలో
ఒక గుర్తు తారుమారైంది,
కూడాల్సిన చోట తీసేశాను.
పట్టుకున్నాయన మర్యాదస్తుడు, ఒక్క పేరాతో వదిలేశాడు.
తర్వాత వచ్చిన ప్రతివాళ్ళూ
అమ్మ తదితరుల పొరపాటు మేము చేయలేదని
మొదటి పేజీలోనే ప్రమాణం చేసి లోపలికి పోతారు,
వాకిట్లో కాళ్ళు కడుక్కున్నట్టు.
ఆడిపోసుకున్నా తలుచుకున్నట్టే.
గడి అడిగింది అంకె.

ఇరవై ఆరు, నన్ను నేనే.
ఎవరి డప్పు వాళ్ళు కొట్టుకోక తప్పదు,
మా దగ్గర బదులుకు కూడా దొరుకుతాయి:
ఈ ఏడు నాది నువ్వు, వచ్చే ఏడు నీది నేను.
ఇంకో ఇరవై మూడు ఎందుకో నాకూ తెలీదు.

బెళుగుప్ప బుడ్డల వ్యాసానికి
మూడు.

ఆ ఏడు వాన మొగం చాటేసింది.
ఊడలు దిగే వేళకు చెట్లు వాలిపోతున్నాయి.
తిప్పక్క గెనిమ మీద నిలబడి
"సూడు పాపా, అన్నీ తలకాయలు వాల్చేసినాయి,
ఇదొగటి మాత్రం యాలనో ఎండల్యా.
మొన్న సూసినా, నిన్న సూసినా, ఇట్లే ఉండాది" అంది.

మూడు రోజులు చూసింది. పరిశోధన అంటే అదే.
నేను చేసిందల్లా
ఆకు తుంచి ఐసు డబ్బాలో పెట్టి
బెంగుళూరు బస్సెక్కడం,
తిరిగొచ్చిన కోట్ల అక్షరాల్ని
(ఎ, టి, జి, సి, ఉన్నవి నాలుగే)
కరెంటు పోయినప్పుడల్లా మళ్ళీ మొదట్నుంచి
పలక మీద దిద్దినట్టు వరస పెట్టడం.
పదకొండు నెలలు.

వ్యాసం చివర కృతజ్ఞతల్లో తిప్పక్క పేరు చేర్చాను.
ఈవిడ ఏ సంస్థ అని అడిగాడు సంపాదకుడు.
సర్వే నంబరు నూట ఎనిమిది, రెండెకరాల ముప్పై సెంట్లు
అని రాసి, కొట్టేసి,
రైతు అని పెట్టాను.
కృతజ్ఞతల్ని ఏ యంత్రమూ లెక్కపెట్టదు.

మూడింట్లో ఒకటి సెనెగల్ నుంచి.
అక్కడా బుడ్డలేనట, అక్కడా వాన రానట.
మా నేలలో సగమే పనిచేసింది అని రాశాడు ఎవరో కుర్రాడు.
ఆ సగాన్ని
ఎన్నిసార్లు చదువుకున్నానో.

ఇప్పుడు నీళ్ళు తాగుతుంటే పొలమారింది.
జేజి ఉంటే నెత్తిన తట్టి
"ఎవురో తలుచుకుంటాండారు" అనేది.
నూట అరవై మూడుసార్లు తలుచుకున్నారే,
ఒక్కనాడూ పొలమారలేదు.

గడి నింపాను. సంతకం పెట్టాను, కుళ్ళాయమ్మ అని కలిపి.

రేపు ఆదివారం. బెళుగుప్ప బస్సు ఆరున్నరకు.
వ్యాసం అచ్చై తొమ్మిదేళ్ళు,
తిప్పక్క ఇంకా చూడలేదు.
తన పేరున్న చోట వేలు పట్టుకుని ఆనిస్తాను.
ఒక అక్షరం తగ్గి తిప్పక అని పడిందని మాత్రం చెప్పను.

"మరి నీదేది పాపా" అంటే
ఏం చూపించాలి,
అమ్మ అనా?